పది పైన ఐదు

సుజాతా, ఎట్లున్నవ్? నువ్వు పోయి మొన్న దసరాకు ఏడాది నిండింది. ఆడబిడ్డకు వదిన ఉత్తరం రాసుడేందని నవ్వకు... ఇంకెవరికి చెప్పుకోవాలె?

అత్తమ్మ బీడీలు చేస్తనే ఉంది. నువ్వు చేర్పించిన ఓపెన్ టెన్త్ నేను విడిచిపెట్టలేదు.

పెద్ద సంఖ్యల పాఠం యాదికున్నదా? నేను ఒడిల చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటే పక్కన కూసొని చెప్పేదానివి. పది నెత్తి మీద చిన్నగ ఐదు కనపడితే చాలు, నేను వెనుక ఐదు సున్నాలు పెట్టేసేదాన్ని. బీడీల అలవాటు నాది. కట్టల ఒక్కటి తక్కువున్నా కార్ఖానల వాపస్ ఇస్తరు. ఐదు అని చెప్పిన్రంటే ఐదూ నిండాలె అనుకునేదాన్ని.

"సున్నాలు నింపుడు కాదు వదినా, దశాంశం చుక్కను ఐదుసార్లు కుడికి జరుపు. దాన్ని సూసి సిగ్గుపడ్తవేంది, అది మా బాపు గాదు" అనేదానివి. మామ ముందట నోరు తెరవనని నీకు ఎంత ఎక్కిరింతనో...

పోయిన నెల మీ అన్నకు జ్వరం వచ్చింది. బోధన్ల పరీక్షకు రక్తం ఇచ్చొచ్చిండు. జ్వరం దిగినంక రిపోర్టు ఫోన్ల పడ్డది. డాక్టరును రేపు చూద్దామని చెరుకు కొట్ట తయారైండు. ప్లేట్‌లెట్లు ఎన్నున్నయో చూడుమని ఫోన్ నాకిచ్చిండు.

0.6, ఇంటూ గుర్తు, పది, దాని మీద ఐదు. ఆరు పక్కన ఐదు సున్నాలు పెట్టి ఆరు లక్షలని చెప్పిన. లక్షన్నర ఉంటే చాలని అందరూ అంటరు గదా... ఇంకేం భయం? ఫోన్ నా దగ్గరనే విడిచి కొడవలి పట్టుకొని పోయిండు.

చాట ముందట కూసొని ఆకు తీసుకున్నంక నీ మాట యాదికొచ్చింది. చుక్కను జరిపిన్నా నేను? బీడీ ఆకు మీద గోటితో గీసి చూసిన. ఒక్కసారి జరిపితే ఆరు. ఇంకోసారికి అరవై. అట్ల ఐదోసారికి అరవై వేలయింది. మల్ల చేసిన. అరవై వేలే.

ఇంట్ల మామ ఒక్కడే ఉన్నడు. బండి తోలొచ్చేది ఆయనకే. కొంగు సర్దుకొని ఎదురుంగ నిలబడ్డ. లెక్క నేనే తప్పు చెప్పిన, మీ కొడుకును ఇప్పుడే తోల్కరండి అన్న. మామ లేచి తాళంచెవి అందుకున్నడు. బండి తీసిండు.

కంఠేశ్వర్ దవాఖానల చేర్పిచ్చినం. స్కూటీ మీది నుంచి పడ్డ నిన్ను తెచ్చి, దక్కించుకోలేకపోయిన దవాఖాననే... అప్పుడు మేం నిలబడ్డ కాడనే నిలబడ్డ. మీ అన్నకు అప్పటికే చిగుళ్లల్ల రక్తం వస్తున్నది. ఆ ఒక్క రోజు చెరుకు కొట్టి ఉంటే ఏమయ్యేదో... నాకు తెల్వది.

ఇప్పుడు నిమ్మలంగ ఉన్నడు. కూరల ఉప్పు లేదని లొల్లి పెడుతున్నడు. ఇంటికి పంపేనాడు ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలన్నరు. నేను దాన్ని తిప్పి 1.4, పది పైన ఐదు అని రాసుకున్న. సరిగ్గనే ఉందా?

ఇగ పది పైన మైనస్ ఉన్నవి మొదలైనయి. చుక్క ఎడమ దిక్కు నడవాలెనట. అవి చెప్పకముందే పోయినవ్ నువ్వు... మొన్న క్లాసుల లేచి, అందరి ముందట సార్‌ను నేనే అడిగిన. సగం అర్థమైంది. ఆదివారం పోయి మిగతా సగం అడుగుత.

ఉంట మరి,
నీ వదిన