వెంట్రుకవాసి

జూన్ 9, సోమవారం
"మనం చేసే మొదటి యంత్రం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయిరా మూర్తీ" — బాలానగర్ షెడ్డులో చలపతి అన్నమాట. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. యంత్రం వచ్చింది. దాని ఇత్తడి రేకు మీద ఒక్క పేరే వచ్చింది, వాడిది.
ఇప్పుడు అమీర్‌పేటలో అదే చలపతి ప్రాజెక్టు సెంటర్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, మూరెడు రోబో చేతికి కెమెరా బిగిస్తున్నాను. ఇంజనీరింగ్ పిల్లలు తామే చేయాల్సిన ప్రాజెక్టులు ఇక్కడ వండి, విస్తరి వేసి వడ్డిస్తారు. వంటవాణ్ణి నేను.

జూన్ 10
శుక్రవారం ఒక కాలేజీ ప్రిన్సిపల్ వస్తాడు. రోబో చేయి అగ్గిపెట్టెను తానే చూసి తానే తీస్తే, వాళ్ల ల్యాబ్ పని మాకే. "ల్యాబ్ నువ్వే చూసుకో. తియ్యలేదనుకో... ఆ బల్ల జావా కోచింగ్ వాళ్లకిచ్చేస్తా. ఏమనుకోకు" అన్నాడు చలపతి.
ఏమనుకోను? ఆ బల్ల పోతే పొద్దున్నే లేచి చొక్కా వేసుకునే పని ఉండదు.

జూన్ 11
కెమెరా కింద బియ్యపుగింజంత స్క్రూ. చేయి వణుకు. మూడుసార్లు జారింది... ఇంట్లో గోడ నిండా పుస్తకాలు. వణికే చేత్తో స్క్రూ బిగించడం ఒక్కదానిలోనూ లేదు.
చలపతి చూడలేదు. చూడకూడదు. చూస్తే బల్ల శుక్రవారం దాకా కూడా ఆగదు.
మధ్యాహ్నం కెమెరాకు నలుపు తెలుపు గళ్ల కాగితం చూపించాను. ఆ గళ్లతోనే అది దూరాలు నేర్చుకుంటుంది. తర్వాత కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొదటికే — ఇంకో అరగంట.
రోబో చేయి వెళ్తుంది. అగ్గిపెట్టె దాటి, అవతల గాలిని పట్టుకుంటుంది.

జూన్ 12
స్కేలు పెట్టాను. కంప్యూటరుకు నేను చెప్పింది గడికి ఇరవై అయిదు మిల్లీమీటర్లు. కాగితం మీద ఇరవై నాలుగు. జిరాక్స్ యాదగిరి మీదికి వెళ్లాను.
"అంచులు కట్ అయితున్నయని జర చిన్నగ చేసిన సారూ. అందరికీ గట్లనే చేస్తం. గింత చిన్నగైతే గుర్రం దుంకదా?"
చదరంగం అనుకున్నాడు! తిట్టి, సరిగ్గా తీయించాను.
సాయంత్రం — పదికి పదిసార్లు పట్టింది. స్క్రూ వదులుగానే ఉంది. ముట్టుకోకపోతే చాలు.

జూన్ 13, శుక్రవారం
చలపతి కెమెరాను వేలితో తాకాడు. "ఇది ఊగుతోందిరా." స్క్రూడ్రైవర్ నేనే అందుకున్నాను. నా చేతి వైపు చూశాడు.
"ఎన్నాళ్లనుంచి?"
స్క్రూ వైపు వంగాను.
"చెప్పొచ్చుగా, ఎదవా. ఇటివ్వు."
ఒక్క తిప్పు. వాడి చేయి రాయి. కెమెరా కొద్దిగా తిరిగింది. వాడు గమనించలేదు. నేను గమనించాను.
ఫోను: ప్రిన్సిపల్ కారు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, ఇంకో ముప్పావుగంట. గళ్ల కాగితం నా చేతిలోనే ఉంది. కెమెరా కదిలిందన్న మాట నోటిదాకా వచ్చింది... మింగేశాను.
ప్రిన్సిపల్ ఎదుట రోబో చేయి మూడుసార్లూ గాలినే పట్టుకుంది. ఆయన టీ కూడా తాగకుండా లేచాడు.
"నిన్న పట్టిందన్నావుగా?" — చలపతి.

జూన్ 14
బల్ల మీద జావా పుస్తకాలు.
చలపతి ఫోను. "బల్ల సంగతి వదిలెయ్. డాక్టరుకి చూపిద్దాం, నేనొస్తా." పెట్టేశాను.
నిన్న ముప్పావుగంట చేతిలో ఉంది. మళ్లీ గళ్లు చూపించడానికి అరగంట చాలు.
స్క్రూ బిగించింది ఎవరు? నేనా?
తప్పెవరిదో రాస్తే ఇద్దరి పేర్లూ రాయాలి. ఒక్కటే రాస్తున్నాను — చలపతి.