కేశవ గదిలో నల్ల స్క్రీన్

హనుమంతునిపాడు

ప్రియమైన తమ్ముడు శివకృష్ణకు,

ఫోన్ చేస్తే నేను ఏడుస్తా, నువ్వూ ఏడుస్తావు, చెప్పాల్సింది చెప్పకనే పెట్టేస్తాం. అందుకే వాట్సాప్‌లో రాస్తాండా. మా కేశవ కంప్యూటర్ పని చేయట్లే. స్విచ్ వేస్తే డబ్బాలో లైటు వెలగతాంది, ఫ్యాను తిరగతాంది. స్క్రీన్ మాత్రం నలుపు.

వాడు జ్వరంతో పోయినప్పటి నుంచి రోజూ వంటకు ముందు ఆ వీడియో ఒకసారి పెట్టుకుంటాండా. ఉద్యోగం కోసం ఇంగ్లీషులో తన గురించి చెప్పుకుంటా తీసుకున్నాడే, అది. మధ్యలో మీ బావ గదిలోకి వస్తే, "నాయనా, కొంచెం పక్కకు జరుగు, వీడియోలో పడతాండావు" అని నవ్వుతాడు. వాడి గొంతు మాకు అదొక్కటే మిగిలింది. ఫోన్లోకి ఎక్కించుకోవాలని నాకు తట్టలే.

పోయిందా తమ్ముడూ? ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నీ అక్క
పద్మావతి

మార్కాపురం

ప్రియమైన అక్కకు,

ముందు అన్నం తిను, తిన్నాక చదువు. దుకాణంలో నిచ్చెన మీద నుంచి జారి కాలికి కట్టుతో కూర్చున్నా, లేకుంటే ఈపాటికి నీ ఇంట్లో ఉండేవాణ్ణి. డబ్బా బస్సులో పంపమంటే నువ్వు గడప దాటనియ్యవు. కాబట్టి నేను చెప్పినట్టు చేయి.

ఫ్యాను తిరగతాందంటే కరెంటు వస్తాంది. స్క్రీన్ బటన్ కాడ లైటు ఉందా చూడు. స్క్రీన్ నుంచి డబ్బాకు పోయే వైరు రెండు వైపులా పీకి గట్టిగా పెట్టు. అప్పటికీ రాకపోతే కరెంటు వైర్లన్నీ తీసేసి, డబ్బా పక్క రేకు విప్పు. లోపల నిలువుగా గుచ్చిన పచ్చ బద్ద ఒకటి ఉంటాది, జానెడుకు కాస్త తక్కువ పొడుగు, ర్యామ్ అంటాం. చివర్ల క్లిప్పులు వెనక్కి వంచితే పైకొస్తాది. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్ళీ టక్కుమనేదాకా నొక్కు. ఈ పక్క దుమ్ముకు అందరి కంప్యూటర్లకూ ఇదే రోగం. మార్కాపురంలో మాకైతే బడిపిల్లలు రాసుకునే రాతిపలకల దుమ్ము అదనం. పలకలు దేశమంతా పోతాయి, తుమ్ములు మాత్రం మాకే.

మన కేశవ కూడా ఈ పని నా దుకాణంలోనే నేర్చుకున్నాడు. ఇంక రాయలేను అక్కా.

నీ తమ్ముడు
శివ

హనుమంతునిపాడు

శివా,

వైర్లు సరిచేసినా, రాలే. రేకు విప్పినా. క్లిప్పులు ఉండాయి, మధ్యలో బద్ద లేదు. ఖాళీ.

ఇంట్లో ఉండేది మేమిద్దరం. నేను వీడియో పెడితే మీ బావ చెంబు తీసుకొని బయటికి పోయేవాడు. వాడి గొంతు వినలేకనే తీసి పారేసినాడు. మొన్న ఎరువులకని పొదిలి పోయి ఉత్త చేతుల్తో వచ్చినాడు, ఆ పొద్దే పారేసినాడేమో. అడిగితే తల వంచుకొని కూర్చున్నాడు. "నీ కొడుకు కాదా వాడు?" అన్నా. లేచి చేనుకు పోయినాడు. అప్పటి నుంచి నేను ఆయనతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి అవతలికి పోతాండా. కొడుకు పోయినాక ఈ మనిషితో ఎట్ల బతకాలో నాకు అర్థం కావట్లే.

పద్మావతి

మార్కాపురం

అక్కా, నా తల్లీ,

బావను ఏమీ అనొద్దు. ఆ బద్ద పోతే పోనీ, ఇంకోటి మీ ఊరి ఓబులయ్య ఆటోలో పంపిస్తా. వీడియో అందులో ఉండదు. అది పలక లాంటిది. కరెంటు ఉన్నంతసేపు రాసుకుంటాది, ఆపితే తుడిచేస్తాది. వీడియో ఉండేది కింద ఇనప డబ్బీలో, హార్డ్ డిస్క్‌లో. అది కదలకుండా ఉంటే కేశవ గొంతు ఎక్కడికీ పోలేదు.

ఈ మాట బావకు చదివి వినిపించు. కోపంతో కాదు, పక్కన కూర్చొని.

శివ

హనుమంతునిపాడు

ప్రియమైన తమ్ముడికి,

అన్నం కాడ చదివినా. మీ బావ ముద్ద కంచంలో పెట్టేసి, బనియన్ లోపలి జేబులో నుంచి చేతిగుడ్డ తీసినాడు. దాంట్లో చుట్టి ఉంది పచ్చ బద్ద.

"అంటే ఇన్నాళ్లు నా జేబులో వాడు లేడా?" అన్నాడు.

ఒకసారి కేశవ దుమ్ము దులుపుతా చూపించినాడంట, "చూడు నాయనా, ఇది తీస్తే ఏమీ రాదు, పెడితే అన్నీ వస్తాయి" అని. వాడు మాట్లాడిందంతా అందులోనే ఉంటాదని మీ బావ అనుకున్నాడు. నా ముందర ఏడవలేక, చేనుకాడ ఒక్కడే వినాలని దాన్ని పొదిలి సెల్లు దుకాణానికి తీసుకపోయినాడు. "ఇందులో మా వాడు నాయనా అంటాడు, అదొక్కటి నా ఫోన్లో ఎక్కించు" అంటే వాళ్ళు నవ్వినారంట. చెమటకు తడిసి చెడిపోయింది కాబోలు అనుకున్నాడు. "తిరిగి పెడితే ఏమీ రాకపోతే, వాణ్ణి నేనే తుడిచేసినట్టు గదా పద్మా" అన్నాడు.

నేను ఆయన్ని ఏమేం అన్నానో నీకు రాసినా గదా. అవన్నీ ఆ జేబు మీదనే పడినాయి.

రబ్బరుతో ఆయనే రుద్దినాడు, ఆయనే నొక్కినాడు. టక్కుమనింది. స్క్రీన్ వెలిగింది. ఫోన్లోకి ఎక్కించేది ఎట్లనో రాయి, ముందు ఆయన ఫోన్లోకి.

ఈసారి ఆయన బయటికి పోలే, నా వెనకాలే నిలబడినాడు. కేశవ మాట్లాడినాడు. మధ్యలో నవ్వి, "నాయనా, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు.

మీ బావ పక్కకు జరిగినాడు శివా.

నీ అక్కాబావలు
పద్మావతి, రంగయ్య