ఇటలీలో కూర్చోవలసిన పద్ధతి

అన్నయ్యగారికి నమస్కారాలు.

సమస్త బంధువర్గానికి, ముఖ్యంగా పెద్ద తోడల్లుడుగారికి ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: మా ఎర్ర సూట్‌కేసు నాలుగు చక్రాలలో ఒకటి నిన్న సాయంత్రం కుట్టుమిషను పక్కన తుదిశ్వాస విడిచినది. మీరు పంపిన ఇటలీ పట్టికను నేను పైకి చదువుతుండగా ఈ ఘోరం జరిగినది.

మనం నలుగురం, తొమ్మిది రోజులు, పదకొండు ఊళ్ళు. రోమ్‌లో దిగడం 8:10కి, రోమ్ చూడటం పూర్తి 11:40కి అని వేశారు. నేను జాకెట్టు కుట్టడానికి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. వెనిస్‌లో భోజనం ‘నడుస్తూ’ అని ఉంది. అక్కడ వీధులన్నీ నీళ్ళేనట. ముందు మీరు నడిచి తిని చూపించండి. రైళ్ళ టైంటేబుల్ ఆఫీసులోంచి మీరు రిటైరయ్యారు గానీ, రైలు మాత్రం మీలోంచి దిగలేదు.

అసలు సంగతి: పట్టిక చూసి వదిన తాను రానన్నదట, మా ఆవిడతో. ముప్పై ఒక్క ఏళ్ళుగా కాలికి బలపం కట్టుకుని మీ వెనక తిరిగిందట. ఒక్క చోటైనా కుదురుగా కూర్చోనిస్తేనే వస్తుందట.

మీ తమ్ముడు,
దర్జీ

తా.క. ఫోనులో రెండు నిమిషాల్లో తేలిపోయేది. కాగితం మీద లేనిది మీకు లోకంలోనే లేదు కనుక స్టాంపు అతికించాను.

---

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం 14వ తేదీన చేరినది. చక్రం విషయం నా పరిధిలోకి రాదు.

మీ వదిన ప్రతి ప్రయాణానికీ ముందు రానంటుంది, చివరికి వస్తుంది. కూర్చోవడానికి రైళ్ళలో సీట్లున్నాయి. అంత దూరం పోయి వీధిలో కూర్చోవడం దేనికి, ఇంట్లో కుర్చీలు లేవా? పట్టిక మార్చాలంటే ఏ నిబంధన కింద మార్చాలో చూపించు. నోటిమాటల మీద మారదు.

ఇట్లు,
అన్నయ్య

తా.క. తొమ్మిదో రోజున పీసాలో పదహారు నిమిషాలు మిగులుతున్నాయి. పన్నెండో ఊరు ఏదైనా తోస్తే రాయి.

---

అన్నయ్యగారికి,

నిబంధన అడిగారు, దొరికింది. విదేశాలు తిప్పే ఏజెంటు ఒకాయన కోటు కొలతలివ్వడానికి వచ్చి, చేతులు చాపి నిలబడే చెప్పాడు. టేపు పక్కన పెట్టి రాసుకున్నాను:

“ఇటలీ సందర్శకుల నిబంధనలు, సంఖ్య 17, ఉపనిబంధన బి. ప్రతి ఊరిలోను రెండు దినములు, దినమునకు రెండు గంటలకు తక్కువ గాకుండ పెద్ద కూడలిలో కూర్చొనవలెను. దంపతులైనచో పక్కపక్కనే. కూర్చున్నట్లు ముద్ర వేయించుకొననివారు తరువాతి ఊరికి పోరాదు.”

నాకైతే పిచ్చి రూలు అనిపించింది. మీకు తెలియనిదేముంది.

మీ దర్జీ

తా.క. ముద్ర వేసే ఉద్యోగి తెల్ల ఏప్రన్ కట్టుకుని ఉంటాడట, కాఫీ కూడా తెచ్చి పెడతాడట. ఉద్యోగులంటే అలా ఉండాలి, ఏమనుకోకండి.

---

చిరంజీవి తమ్ముడికి,

ఇంత ముఖ్యమైన విషయం ముందే రాయవద్దా? పట్టిక మొత్తం తిరగరాశాను. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ మిగిలాయి. ఎనిమిది ఊళ్ళు రాలిపోయాయి. పీసాను మాత్రం స్కేలు పెట్టి గౌరవంగా కొట్టివేశాను.

సందేహాలు తీర్చు. 17-బి ఉన్నదంటే 17-ఎ కూడా ఉండాలి, అది ఏమంటుంది? మెట్ల మీద కూర్చుంటే చెల్లుతుందా? మధ్యలో లేస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్కా? గడియారం చూసుకోవచ్చునా?

నిన్న బాల్కనీలో అభ్యాసం చేశాను. నాలుగు నిమిషాలు కూర్చోగలిగాను. మీ వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆవిడకు నిబంధన తీవ్రత తెలియదు.

అన్నయ్య

తా.క. ఆవిడ బట్టలు సర్దడం మొదలుపెట్టింది. చివరికి వస్తుందని నేను ముందే రాశాను, నీ దగ్గర కాగితం ఉంది చూసుకో.

---

అన్నయ్యగారికి,

17-ఎ గుర్రాలతో వచ్చేవాళ్ళకు, మనకు వర్తించదు. మెట్లు చెల్లవు. లేస్తే మొదటి నుంచే లెక్క. గడియారం భార్య చేతిసంచిలో ఉంచాలి, అడగరాదు.

దర్జీ

తా.క. ముద్రలకు చిన్న పుస్తకం నేనే కుట్టి తెస్తాను.

---

తమ్ముడికి,

ఆశీస్సులు ఈసారి లేవు.

తిరిగి వచ్చి నెల అయింది. నిన్న రిటైరైనవాళ్ళ సంఘంలో ముప్పై ఎనిమిది మంది ముందు 17-బి గురించి ఉపన్యాసం ఇచ్చి, ముద్రల పుస్తకం అందరికీ తిప్పాను. మూడు ఊళ్ళ ముద్రలలోనూ కత్తెర బొమ్మే ఎందుకుందని ఒకాయన అడిగితే, ఆ దేశం దర్జీలకిచ్చే గౌరవం అటువంటిదని వివరించాను. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి, నువ్వు కుట్టి పంపిన ప్యాంటు పొట్లం విప్పాను. కాగితం మీద అదే కత్తెర. ప్రతి కూడలిలోనూ ‘కాఫీ చెప్పి వస్తా’ అని లోపలికి ఎందుకు పరుగెత్తావో అప్పుడు తెలిసింది.

నిన్ను జన్మలో క్షమించకూడదు. కానీ ఫ్లోరెన్స్‌లో రెండో గంటలో మీ వదిన ఒక మాట చెప్పింది. పదహారేళ్ళప్పుడు ఈతపోటీలో గెలిచిందట. ఇన్నేళ్ళలో ఎందుకు చెప్పలేదంటే, “చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా మీ రైలు వచ్చేది” అన్నది.

అందుచేత శిక్ష తగ్గించాను. సంఘం అధ్యక్షుడు నిబంధన నకలు అడుగుతున్నాడు. ఏది నిజమో, ఏది కల్పనో రాతపూర్వకంగా తెలియజేయి.

అన్నయ్య

తా.క. రోజూ సాయంత్రం బాల్కనీలో కూర్చుంటున్నాం. నిన్న నలభై నిమిషాలు, ఆవిడ చెప్పిన లెక్క. గడియారం ఇంకా ఆవిడ సంచిలోనే ఉంది.

---

అన్నయ్యగారికి సాష్టాంగ నమస్కారాలు.

రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. ముద్ర మా కొట్టుదే. ఏప్రన్ ఉద్యోగులు కాఫీ కొట్టు మనుషులు. సైగలతో వాళ్ళకి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వెనిస్‌లో ఒకాయన ముచ్చటపడి తన అరచేతి మీద కూడా వేసుకున్నాడు. ఏజెంటు లేడు, కోటు లేదు.

కానీ నిబంధన మాత్రం నాది కాదు. నిబంధన చూపించమన్న మీ ఉత్తరం నాకు చేరిన రోజునే వదిన ఫోను చేసింది.

“మరిదీ, నా మాట ఆయన చెవికెక్కదు. రూలయితే ఎక్కుతుంది. కాగితం తీసుకుని రాసుకో” అన్నది.

రెండు గంటలు, పక్కపక్కనే, గడియారం సంచిలో, అన్నీ ఆవిడ చెప్పినవే. నేను తాడిని తన్నేవాణ్ణి అనుకున్నాను. తల తన్నేవారు మీ ఇంట్లోనే ఉన్నారు. ఆయన నమ్ముతారా వదినా అంటే, “నంబరు వేస్తే నమ్ముతారు, అదొక్కటీ నువ్వు చూసుకో” అన్నది.

మీ తమ్ముడు,
దర్జీ

తా.క. అధ్యక్షుడుగారికి చెప్పండి: పదిహేడు-బి అన్న ఆ నంబరొక్కటీ పూర్తిగా నా కల్పన.