కాపలావాళ్లకు జోల

కళింగపట్నం,
5-12-2025, శుక్రవారం.

మా అన్న కూతురు ఈశ్వరికి మేనత్త తాతమ్మ నోరారా దీవించి రాస్తున్నది.

మీ అత్తగారు సుభద్రమ్మ వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? ఈ చలికి పొద్దున్నే లేవనివ్వకు. మనవడు నవీన్ దగ్గు పోయిందా? దగ్గుతూ బడికి వెళ్తే నాకు భయం, వెళ్లకపోతే చదువు పోతుందని బెంగ. అల్లుడు త్రినాథ్‌కు జూటు మిల్లులో పని దొరుకుతోందా? తన మాత్రలు తను వేసుకుంటున్నాడు కదా? ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నెలనెలా శ్రీకూర్మం వెళ్లి నీ పేరున దణ్ణం పెడుతున్నాను. నిన్ను ఆఖర్న అడుగుతున్నాను, భయమంతా నీ గురించే కనుక.

ఫోను చేద్దామంటే మా కోడలు రాజకుమారి "నీకు బొత్తాలు తెల్దత్తా" అని స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటుంది. అందుకే ఉత్తరం. వంకర అక్షరాలు ఓపిగ్గా చదువుకో.

మొన్న రాజకుమారి ఇంట్లో లేనప్పుడు త్రినాథ్ ఫోను చేసి చెప్పాడు. నీ రక్తంలో హెచ్చైవీ పురుగు పరీక్షకు కూడా కనబడనంత తగ్గిపోయిందట. నువ్వేమో మొక్కు తీరిందని మాత్రల డబ్బా పైడితల్లమ్మ పటం ముందు పెట్టి, పసుపు కుంకుమ వేసి, మూత తియ్యడం మానేశావట. "పురుగే నేకపోతే ఈ నీరసమేటి? మాత్రలే నన్ను పీల్సేస్తన్నాయి" అన్నావట.

పురుగు అణిగినా, దానితో పోరాడిన కాపలా కణాలు రక్తంలో ఇంకా ఉలిక్కిపడుతూనే ఉంటాయని, అవి నెమ్మదించడానికి కాలం పడుతుందని డాక్టరమ్మ నీకు చెప్పిందట కదా. తిత్లీ తుఫాను పోయాక మన రేవు గుర్తుందా? సముద్రం పాలగిన్నెలా ఉండేది. మగవాళ్లకు మాత్రం చాన్నాళ్లు కన్ను మూతపడలేదు. ఆకు కదిలినా లేచి పడవల తాళ్లు తడుముకునేవారు. మీ నాన్న నిద్రలోనే "తాడు లాగండ్రోయ్" అని కేకేసేవాడు. పగలు వల కుట్టబోతే సత్తువ లేక సగంలో వదిలేసేవారు. అలసిపోయామని ఎవరైనా తాళ్లు కోసేశారా?

నిన్న మధ్యాహ్నం ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుతూ కునుకు తీశాను. కలొచ్చింది. నీ ఒంట్లోకే వచ్చాననుకో. లోపల ఎర్రటి ఇసుక తీరం, గోరువెచ్చగా. చప్పుడు లేని నీళ్లు. ఒడ్డంతా వేలెడంత మనుషులు లాంతర్లు పట్టుకుని నిలబడ్డారు. "ఏటిరా నాయనా, ఇంకా పడుకోనేదా" అని అడిగాను. "అలలు ఊరుకున్నాయి గానీ మా ఒళ్లు ఊరుకోనేదమ్మా. అది అడుగున నక్కి ఉన్నాది. తాడొదిలితే మళ్లీ వస్తాది" అన్నారు. తాడంటే మాత్రేనే. కొస పట్టుకుని కూర్చుని వాళ్లకు జోల పాడాను. ఒక లాంతరు కునికింది. కాసేపటికి ఇంకోటి. అన్నీ కాదు, కొన్ని. మెలకువ వచ్చేసరికి సగం చేపలు కాకుల పాలు. "నిద్దరోడానికేటత్తా నిన్ను కూకోబెట్టింది" అని రాజకుమారి ఒకటే తిట్లు.

ఒసే ఈశ్వరీ, అమ్మవారికి పసుపు చాలు, మాత్రలు ఆవిడేం చేసుకుంటుంది? డబ్బా తీసుకో. మానేసిన సంగతి డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. వెళ్లేటప్పుడు గ్యాసు కట్టెయ్.

నీ మేనత్త,
తాతమ్మ.

తా.క. కలలో ఆ తీరం నీ ఒంట్లోది కాదే. నాది. మీ మావయ్య పోయాక పరీక్ష చేస్తే నాకూ ఉందన్నారు. శ్రీకూర్మమని చెప్పి నేను ఎక్కే బస్సు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్తుంది. తిరుగుదారిలో గుడికీ వెళ్తాను, ప్రసాదం లేకపోతే రాజకుమారి పట్టేస్తుంది. పొయ్యి వైపు తిరిగి, ఎవరూ చూడకుండా మింగడం అలవాటైపోయింది. నా పురుగూ కనబడటం లేదు, నా లాంతర్లూ ఇంకా కొన్ని వెలుగుతున్నాయి. అయినా బతికే ఉన్నాను కదా, నీ మీద బెంగ పెట్టుకునేంత. నేను వచ్చేదాకా ఆగకు, ఈ ఉత్తరం అందగానే ఆసుపత్రికి వెళ్లు. నా డబ్బా కొంగున కట్టుకుని వస్తాను. నీ నీళ్ల గ్లాసు పక్కన నాకూ ఒకటి పెట్టు. పధ్నాలుగో తారీకు, ఆదివారం దిగుతాను.