అడవిలో అయిదు రోజులు

ఇబ్రహీంపట్నం,
జనవరి 8, 2006

ప్రియమైన రుక్మక్కకు,

నువ్వు మా పక్క వాటా ఖాళీ చేసి ఆత్మకూరులో మీ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాక, నాతో కూర్చుని టీ తాగే మనిషే లేదు. ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఫోను హాల్లో ఉంది, సెల్లు మా ఆయన, అదే మీ మరిది జేబులో ఉంది. అందుకే ఉత్తరం.

అలిసిపోయాను అక్కా. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు నలభై మంది దాకా మన మెస్సుకే వస్తున్నారు. తెల్లారకముందే ఇడ్లీలు, పొద్దుపోయాక అంట్లు. నిన్న అన్నం వారుస్తూ నిలబడే కునుకు తీశాను. గంజి చేతిమీద పడింది. కాలింది కొంచెమే, ఏడుపు మాత్రం ఆగలేదు.

శివరాత్రికి మీ ఊరి నుంచి నల్లమలలో నడుచుకుంటూ శ్రీశైలం వెళ్తారన్నావు కదా. మనిద్దరమే వెళ్దామా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఎక్కువ రోజులు పట్టే దారి ఉంటే అదే చెప్పు.

నీ వసంతలక్ష్మి

---

ఆత్మకూరు,
జనవరి 14

వసంతా,

నీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమన్నది. చేతికి మందు పెట్టుకున్నవా లేదా?

దారి చెప్తా విను. ఇక్కడి నుంచి నాగలూటి, ఆడ మెట్లెక్కి పోతే పెచ్చెరువు. తర్వాత భీముని కొలను లోయ. అది దిగి ఎక్కితే శ్రీశైలం. పడుచోళ్లు రెండు రోజుల్ల పోతరు. మనకేం తొందర? నాలుగు రోజులు పెట్టుకుందాం. ఎండెక్కితే చెట్టు కింద పండుకుందాం. జర కాళ్లు నొచ్చినా కూసుందాం.

వంట ఫికర్ లేదు. దారి పొడుగునా అన్నదానం పందిళ్లు ఉంటయి, పిలిచి మరీ వడ్డిస్తరు. నువ్వు విస్తరి ముందు కూసుంటే చూడాలని నాకు ఎప్పటిసందో ఉంది. అప్పటికి నా కుట్టుపని ఆపి పెడ్త. ఒక దుప్పటి తెచ్చుకో, చాలు.

మీ అక్క రుక్మాబాయి

---

ఇబ్రహీంపట్నం,
జనవరి 24

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ముందు మీ మరిది చేతిలో పడింది. యాచారం వైపు ఆయన వేసిన వెంచర్లో ప్లాట్లు కదలడం లేదు. ఊరంతా భూములు కొంటుంటే మా దగ్గరికే ఎవరూ రారేమని దిగులు. చదవగానే, నేనూ నడుస్తానని మొక్కేసుకున్నారు. ఆయన నడిస్తే మా అబ్బాయి ఫణి నడవాలి. వాడు నడిస్తే మా చిన్న మరిది, వాళ్లావిడ కోటేశ్వరి. నియమం పట్టారు కాబట్టి బయటి తిండి ముట్టరట. నేను వండిందే తింటారట. స్టవ్వు, గిన్నెలు, బియ్యం సిద్ధం చేయమన్నారు.

అన్నట్టు, రెండు రోజుల్లో ముగించాలట. ప్లాట్లు చూడ్డానికి ఎవరో వస్తారట. "అడవిలో నీకు హాయి, వంటకి తొందరపెట్టేవాళ్లుండరు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇకమీదట ఉత్తరాలు ఖాదర్ బీ ఇంటికి రాయి. మెస్సులో కూరగాయలు తరగడానికి వస్తుందిగా, నాకు తెచ్చిస్తుంది.

వసంత

---

ఆత్మకూరు,
జనవరి 30

వసంతా,

నీకు నోరు లేదా? ఇంట్ల వండేది చాలదని, అడవిల వండెటందుకు ఇంత దూరం వస్తవా? గా మూటలన్నీ మోసుకుంట రెండు రోజుల్ల నడిస్తే నువ్వు పడిపోతవ్. నిన్ను గట్ల చూసుడు నాతోని కాదు. వాళ్లను రావద్దను. లేకుంటే వాళ్లనే పోనియ్యి, నువ్వు మానుకో.

కోపంతోని రాస్తున్న. తిన్నవా?

రుక్మాబాయి

---

ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కకు,

నీ తిట్లు పదిసార్లు చదువుకున్నాను. మంచి పనే చేశాయి.

నడక రెండు రోజులు కాదు, అయిదు రోజులని మీ మరిదితో చెప్పాను. మజిలీ మజిలీకీ ఒక రాత్రి నిద్ర చేస్తేనే మొక్కు చెల్లుతుందని నువ్వు చెప్పావన్నాను. ప్లాట్ల కోసమంటే ఆయన దేనికైనా సరేనంటారు. నిన్ను అడిగితే అవునను. అయిదు రోజులు వాళ్లకు వండిపెడతావా అని మళ్లీ తిట్టకు. ఆ అయిదు రోజులూ మెస్సు మూసేస్తున్నానని పిల్లలకి చెప్పేశాను. ఇరవై రెండున పొద్దున బయలుదేరతాం. బస్టాండు దగ్గర ఉండు.

వసంత

---

ఆత్మకూరు,
ఫిబ్రవరి 23

వసంతా,

నిన్న బస్టాండుల పొద్దుగూకే దాకా నిలబడ్డ. క్వాలిస్ బండిల నుంచి అందరు దిగిండ్రు, నువ్వు తప్ప. బయట చేరినవని మీ తోడికోడలు చెప్పింది. ఆడోళ్లకు ఉండేదే, ఏమంట? ఈ ఊరోళ్లు కొందరు పోతుంటే మీవాళ్లను వాళ్లకు జత చేసి పంపిన.

వాళ్ల నియమం సంగతి చెప్పాల్నా? ఆకలికి ఆగలేక ఇక్కడి పందిట్లనే కూసుండి రెండుసార్లు పెట్టించుకొని తిన్నరు.

నేను మాత్రం వాపస్ ఇంటికొచ్చిన. నువ్వు లేకుండ నాకెందుకు అడవి? నీ దుప్పటి తక్కువైతదేమోనని ఇంకోటి కుట్టి పెట్టిన. మస్తు బాధైంది. ఒక్క ఫోన్ చెయ్యకపోతివి.

రుక్మాబాయి

---

ఇబ్రహీంపట్నం,
మార్చి 1

ప్రియమైన అక్కకు,

నన్ను క్షమించు. నిన్ను అంతసేపు నిలబెట్టానని తెలిసి సిగ్గుపడుతున్నాను. ముందే చెబితే మీ మరిదిని చూడగానే నవ్వేస్తావని భయపడ్డాను.

సామానంతా బండెక్కాక, బయట చేరానని చెప్పాను. మీ మరిది రెండడుగులు వెనక్కి వేశారు. వంట తన మీద పడుతుందని కోటేశ్వరి మొహం మాడ్చింది. మొక్కుకున్నాక ఆపకూడదు గనుక బయలుదేరారు. నియమంలో ఉన్నారుగా, నేను చేసిన పులిహోర ముట్టకుండా వదిలేసి వెళ్లారు. రెండు పూటలూ నేనే తిన్నాను.

తలుపు గడియ పెట్టి పడుకున్నాను అక్కా. లేచేసరికి పొద్దున్నో సాయంత్రమో తెలియలేదు. ఖాదర్ బీ తలుపు కొట్టి, "బతికే ఉన్నవా?" అని అడిగి, జొన్నరొట్టెలిచ్చి పోయింది. రోజూ అలాగే ఇచ్చింది. వాళ్లు వచ్చేదాకా పొయ్యి వెలిగించలేదు.

మొన్న వచ్చారు. కాళ్లనిండా బొబ్బలు. పెచ్చెరువు దగ్గర తిన్న సాంబారు గురించే ఇంకా మాట్లాడుకుంటున్నారు.

నేను చెప్పింది అబద్ధం. నాకు నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. మెస్సు పెట్టాక ఆ మూడు రోజులు కూడా వంట నాదే, దూరమల్లా దేవుడి గదికే. అందుకే ఎవరూ గమనించలేదు. ఆ మాట చెప్తున్నంతసేపూ భయమే, ఇదేమిటి ఇప్పుడు అని ఎవరైనా అడుగుతారేమోనని. ఆయన కూడా అడగలేదు. బండి మలుపు తిరిగాక, దొరికిపోయినా బాగుండేదనిపించింది.

కోపం తగ్గాక రాయి. పిల్లలు వచ్చేశారు, పప్పు రుబ్బాలి. ఉంటాను.

నీ వసంత