కచ్చా కుట్టు వేసిన టైరు

మామయ్యకి,

నమస్కారాలు. అత్తయ్యకి కూడా. నువ్వెలాగూ చెప్పవు కాబట్టి విడిగా రాస్తున్నాను.

నా రేసు సైకిల్ టైరు పంక్చరైంది. ఇది మామూలు టైరు కాదు. ట్యూబుని లోపల పెట్టి, దిండు గలీబులా చుట్టూ కుట్టేసి, చక్రానికి జిగురుతో అంటిస్తారు. పంక్చర్లు వేసేవాడు కుట్లు చూసి, "దర్జీ దగ్గరికి వెళ్ళమ్మా" అని నవ్వాడు. మనింట్లో దర్జీవి నువ్వే కదా! చిల్లున్న చోట కుట్టు విప్పి, ట్యూబుకి ప్యాచ్ వేసి, మళ్ళీ కుట్టెయ్యి. ఆదివారం పందెం. జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉంది. దానికి నేనూ, పొడుగమ్మాయీ పోటీ. అది నాకు రాకపోతే బతకను.

నీ మేనకోడలు

తా.క. టైరు బస్సు డ్రైవరు చేతికిచ్చాను. అత్తయ్య పాము అనుకుని కేకలు పెడుతుంది, ముందే చెప్పు.

---

మేనకోడలికి దీవెనలు.

అత్తయ్య కేకలు పెట్టేసింది. అది సరే, ఈ టైరు కుట్టిన మహానుభావుడెవడే? చిల్లు దగ్గరే విప్పమన్నావు గానీ, ఆ కుట్టు చూశాక మనసొప్పక మొత్తం విప్పేశాను. ప్యాచ్ వేసి, కుట్టి పంపుతున్నాను. నా కుట్టు ఊడిందని ఇంతవరకూ ఒక్కరూ నా గుమ్మం ఎక్కలేదు.

మీ మామయ్య

తా.క. ప్రస్తుతానికి కచ్చా కుట్టే వేశాను. ట్రయల్ చూడందే అసలు కుట్టు వెయ్యనని నీకు తెలుసుగా. చక్రానికి తొడిగి, చంకల దగ్గర పట్టేసిందేమో చూసి రాయి. గాలి మాత్రం కొట్టకు.

---

మామయ్యా!

గాలి కొట్టొద్దన్న ముక్క మొదట రాయాలా, చిట్టచివర రాయాలా? నేను కొట్టాక చదివాను. కుట్లు పటపటా తెగి, ట్యూబు బుస్సుమని బయటికొచ్చింది. కోచ్ గారు బల్ల కింద దూరారు. పొడుగమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. ట్యూబు పేలకపోవడం నా అదృష్టం. టైరుకి చంకలుండవు మామయ్యా! టైరు మళ్ళీ బస్సులో పంపుతున్నాను. నీకు దణ్ణం పెడతాను, గట్టిగా కుట్టి శుక్రవారానికల్లా పంపు.

నవ్వులపాలైన నీ మేనకోడలు

తా.క. నా సైకిల్ కనిపిస్తే చాలు, కోచ్ గారు చెవులు మూసుకుంటున్నారు.

---

మేనకోడలికి,

నా కుట్టు నలుగురిలో తెగిందని చదివాక తిండి సయించలేదు. షాపు మూసేసి, మైనం పట్టించిన దారం రెండు పేటలు వేసి కుట్టాను. నేనూ అత్తయ్యా చెరో పక్కా పట్టుకుని లాగాం. అత్తయ్య పడింది గానీ కుట్టు కదల్లేదు. ధైర్యంగా ఎక్కు.

మీ మామయ్య

తా.క. అత్తయ్య కులాసా. మంచం దిగగానే తనూ రాస్తుంది.

---

మామయ్యకి,

మొహం చెల్లకపోయినా రాస్తున్నాను. టైరు శుక్రవారమే అందింది. ఎక్కించడానికి గుండె చాలలేదు. కోచ్ గారి పాత టైరు అడిగి తెచ్చుకున్నాను. మర్నాడు పొడుగమ్మాయి టైరు పంక్చరైంది. నన్ను చూసి నవ్విందిగా, ఇప్పుడు దాని పరువూ పోనీ అని, పెద్ద దానం చేస్తున్నట్టు మొహం పెట్టి నీ టైరు ఇచ్చాను. పందెంలో దాని వెనకే తొక్కుతూ, ఎప్పుడు పేలుతుందా అని చెవులు రిక్కించాను.

పేలింది. నాది!

సైకిల్ భుజానేసుకుని నడిచొచ్చేసరికి పతకం దాని మెళ్ళో ఉంది. జట్టులో చోటూ దానికే. ఏడుపు ఆగలేదు మామయ్యా. అందరికీ నీ గొప్పలు చెప్పుకునేదాన్ని, నేనే నీ చెయ్యిని నమ్మలేదు.

బుద్ధొచ్చిన నీ మేనకోడలు

తా.క. టైరు తిరిగిమ్మంటే, "దానం చేశావుగా" అంటోంది. నువ్వొచ్చి అడుగు మామయ్యా.