అమ్మ తుమ్ముల మాత్ర

తమ్ముడూ, కంగారుపడకు, నా పది వేళ్ళూ ఉన్నాయి.

నిన్న బట్టలు కత్తిరించే మెషిన్ దగ్గర నాకు కునుకు పట్టింది. కత్తి గ్లవుజు కొసను ఎగరగొట్టింది. దుమ్ముకు తుమ్ములు రాకుండా ఏళ్ళ తరబడి మింగుతున్న మాత్ర వల్ల వచ్చిన మత్తేనట అది. డాక్టరు అది మార్చి, "ఇంట్లో ఇంకెవరైనా ఇదే వాడుతున్నారా?" అన్నారు. అమ్మ అనగానే ఆయన రాత ఆపేశారు. "పెద్దవాళ్ళకు దీనివల్ల మతిమరుపు కూడా రావచ్చమ్మా. వెంటనే చూపించండి."

పరుపులు ఎండలో వేయిస్తున్నారా? మరదలి నడుంనొప్పి తగ్గిందా? రేపే అమ్మను, ఆ మాత్రల అట్టను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నీ అంతట నువ్వు మాన్పించకు.

పిల్లలకు దీవెనలు. వాళ్ళ పేర్లు నాయనమ్మ తారుమారు చేస్తోందని, ఇల్లంతా ఒకటే నవ్వులని రాశావు. డాక్టరు చూసేదాకా ఎవరూ నవ్వకండి.

అక్క